మురుగు కాలువ చివర కొలబద్ద



నేను రాయవరంలో వ్యవసాయ విస్తరణాధికారిగా పని చేస్తున్నాను. ఇవాళ ఎరువుల సంగతి గాని, పురుగుమందుల సంగతి గాని ఎత్తబోవడం లేదు. సముద్రపు పోటు పాటుల గురించి, వాటిని కొలిచి పుస్తకంలో రాసి ఉంచుకోవడం గురించి మీకు నాలుగు మాటలు చెప్పదలచాను. "రాయవరంలో కూర్చుని సముద్రం కబుర్లేమిటండీ, అవి వేటకు పోయేవాళ్ళకు చెప్పండి" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను ఈ ముక్క మొదటిసారి ఎత్తినప్పుడు ఒక పెద్దాయన సరిగ్గా అలాగే అన్నారు. అప్పుడు ఆయనకు ఒక ప్రశ్న వేశాను.

"బాబాయ్ గారూ, మీ చేలో మురుగు ఎక్కడికి పోతుందండి?"

"బోదెలోకి."

"బోదె?"

"డ్రెయిన్లోకి. డ్రెయిను సముద్రంలోకి. ఇంకెక్కడికి పోద్దయ్యా?"

"మరి ఆ నీళ్ళు సముద్రం ఎప్పుడు పుచ్చుకుంటుందండి?"

ఆయన చుట్ట నోట్లోంచి తీసి కాసేపు ఆలోచించారు. "అది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నారు. ఉన్నమాట చెప్పారు గనుక ఆయనంటే నాకు అప్పటినుంచి గౌరవం. మనలో చాలామందిమి ఆలోచించలేదు. డ్రెయిన్లో పూడిక తీయలేదని గోల పెడతాం, గుర్రపుడెక్క తీయలేదని గోల పెడతాం. ఆ గోల న్యాయమైనదే. కాని పూడిక అంతా తీసి, తూడంతా లాగేసి, అద్దంలా చేసి పెట్టినా డ్రెయిన్లో నీరు రోజంతా పారదు. సముద్రం దారి ఇచ్చినప్పుడే పారుతుంది, ఇవ్వనప్పుడు ఆగుతుంది.

ఇది ఎట్లాగో చూడండి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది. పొంగడం పోటు, తీయడం పాటు. ఒక పోటు నిండిన దగ్గరనుంచి మరో పోటు నిండేదాకా సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అందుచేత ఇవాళ ఉదయం తొమ్మిదింటికి నిండిన పోటు రేపు ఉదయం తొమ్మిదింటికి నిండదు, తొమ్మిది గంటల యాభై నిమిషాలకు నిండుతుంది. మన పెద్దల లెక్కలో ఇది తిథికి రెండు గడియల ఆలస్యం. గడియకు ఇరవై నాలుగు నిమిషాలు గనుక రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. తేడా బహు స్వల్పం. గడియారం లేని రోజుల్లో కూడా పల్లెకారులు తిథి చెప్పగానే పోటు వేళ చెప్పేవారంటే అందులో మంత్రమేమీ లేదు, ఈ లెక్కే.

అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉండి కలిసి లాగుతారు గనుక పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. మన తీరంలో ఆ రోజుల్లో ఎక్కుదిగుళ్ళ తేడా సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అది సగం కంటె కూడా తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి నాడు మన సముద్రంలో పోటు నిండేది ఇంచుమించు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, మళ్ళీ రాత్రి అదే వేళకు. పాటు అడుగుకు చేరేది మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, తెల్లవారుజాము మూడు ప్రాంతంలో. పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగి స్నానానికి వెళ్ళినవారు చూసే ఉంటారు. తుల్యభాగ సముద్రంలో కలిసే ఆ చోట ఉదయం నిండుగా ఉన్న నీరు మధ్యాహ్నానికి ఎంత వెనక్కి పోతుందో, ఎంత బురద తేలుతుందో! పుణ్యంతో పాటు పోటు లెక్క కూడా ఇంటికి తెచ్చుకోవచ్చు గాని, మనం పుణ్యం మాత్రమే తెచ్చుకుంటాం.

ఈ లెక్క తెలియక నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. డిప్లమా చదివి వచ్చాను, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో పని. జ్యేష్ఠ మాసం చివర, ఆకుమళ్ళు పోసి పది పన్నెండు రోజులయింది. మూడు రోజులు ఏకధాటిగా వాన కురిసి ఆకుమళ్ళు మునిగాయి. డ్రెయిను చివర స్లూయిజు ఉన్నది. దాని తలుపులు ఒకప్పుడు నీటి ఒత్తిడికి వాటంతటవే తెరుచుకుని, వాటంతటవే మూసుకునేవట. నేను వెళ్ళేసరికి చెత్త అడ్డుపడి బిగుసుకుపోయి, చేత్తో ఎత్తి దించవలసిన షట్టరు ఒక్కటే పని చేస్తున్నది. ఆ రోజు అమావాస్య. మధ్యాహ్నం పన్నెండు దాటాక పదిమంది రైతులతో స్లూయిజు దగ్గరికి వెళ్ళాను. షట్టరు ఎత్తించాము. నీళ్ళు ఏటిలోకి హోరుమని పోతున్నాయి. నాకు పట్టరాని సంతోషం! "షట్టరు ఇట్లాగే ఉంచండి, పొద్దున్నకు మళ్ళు తేలిపోతాయి" అని చెప్పి వచ్చేశాను. వాళ్ళు "ఆయ్, అలాగేనండి" అన్నారు. ఆఫీసరు చెప్పిన మాట కదా!

మూడింటికి పాటు అయిపోయింది. ఆ తరువాత పోటు మొదలయింది. ఎత్తి ఉంచిన షట్టరు కిందనుంచి ఏటి ఉప్పునీరు లోపలికి వచ్చింది. రాత్రి తొమ్మిదింటి దాకా వస్తూనే ఉన్నది. అది గోదావరికి వరద రాని కాలం గనుక ఏటిలో ఉన్నదంతా ఉప్పుకషాయమే. తెల్లవారి చూస్తే ఆకుమళ్ళలో నీరు నిన్నటికంటె ఎక్కువగా ఉన్నది. నాలుగు రోజులకు ఆకు కొసలు ఎండి, తెల్లబడి, మొదలు కుళ్ళింది. వరి మొలకెత్తేటప్పుడు కొంత ఉప్పు ఓర్చుకుంటుంది గాని, లేత ఆకు దశలో అసలు ఓర్చుకోలేదు. అందరూ మళ్ళీ విత్తనం కొని ఆకు పోసుకోవలసి వచ్చింది. నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ స్లూయిజు దగ్గర వల ఆరబెట్టుకుంటున్న ఒక వృద్ధుడు మాత్రం అన్నాడు, "బాబూ, అమావాస్య పాటు చూసి మురిసిపోయావు. పాటు ఎంత దిగితే పోటు అంత ఎక్కుద్దని ఎవరినన్నా అడిగితే చెప్పేవోళ్ళం గదా" అని. ఆ మాట అబద్ధం కాదు. నేను అడగలేదు. పుస్తకంలో నీటిపారుదల చదివాను, మురుగుపారుదల చదివాను. కాని ఆ నీరు పారేది ఏ గంటకు ఏ గంటకు మధ్యనో చదవలేదు.

ఆ మరుసటి వారమే ఆ స్లూయిజుకు బయట ఒకటి, లోపల ఒకటి కొయ్యలు పాతి, అడుగులు గుర్తు పెట్టించి, నోటు పుస్తకం మొదలుపెట్టాను. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఓడరేవుల్లో నూట నలభై ఏళ్ళకు పైగా జరుగుతున్న పనినే ఒక కొయ్యతో చేశాను. ఇండియా సర్వే శాఖవారు 1877 నుంచి ఈ దేశపు రేవుల్లో పోటు పాటులను క్రమంగా కొలిపించడం మొదలుపెట్టారు. 1880లలో విశాఖపట్నంలోను, కాకినాడలోను ఈ కొలతలు జరిగాయి. ఒడ్డున ఒక బావి వంటిది కట్టి, దానికి అడుగున చిన్న కన్నం ఉంచుతారు. బయట కెరటాలు ఎంత ఎగిరినా ఆ కన్నంలోనుంచి లోపలికి వచ్చే నీరు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఆ నీటిమీద ఒక తేలుడు డబ్బా, దానికి కట్టిన తీగ, తీగ చివర కలం. గడియారంతో తిరిగే డోలుమీద కాగితం చుట్టి ఉంటుంది. కలం దానిమీద రాత్రీ పగలూ గీత గీస్తూ పోతుంది. కాపలావాడు నిద్రపోయినా గీత నిద్రపోదు. ఆ గీతలనుంచి సూర్యచంద్రుల వంతులు విడదీసి, పళ్ళచక్రాల యంత్రంలో వేసి తిప్పి, రాబోయే సంవత్సరపు పోటు వేళలు ముందుగానే లండనులో లెక్క కట్టి అచ్చు వేసేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి. నీటిని తాకకుండా పైనుంచి రాడారుతో మట్టం కొలిచే సాధనాలు కూడా వచ్చాయి.

మరొక సంగతి. రైలు స్టేషను పసుపుపచ్చ బోర్డు కింద "సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు" అని రాసి ఉంటుంది, చూశారా? ఆ సముద్రమట్టం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? కరాచీ మొదలుకొని తూర్పున ఫాల్స్ పాయింటు దాకా తొమ్మిది రేవుల్లో ఏళ్ళ తరబడి కొలిచిన పోటు పాటుల సగటునుంచి వచ్చింది. 1909లో పూర్తయిన ఆ లెక్కలో మన విశాఖపట్నం ఒకటి. కాలువకు వాలు ఎంత, డ్రెయిను అడుగు ఎంత లోతు అని ఇంజనీర్లు వేసే ప్రతి లెక్కకూ మొదలు అక్కడ ఉన్నది.

ఇక మన పొలానికి వద్దాం. ఒక ఎకరంలో ఒక అంగుళం నీరు నిలిచిందంటే లక్ష లీటర్లకు పైమాట. అరడుగు నిలిస్తే ఆరు లక్షలకు పైగా. అయిదువందల ఎకరాల మునక అంటే ముప్పయి కోట్ల లీటర్లు. ఇంత నీరూ ఒక్క స్లూయిజులోనుంచి పోవాలి. బయటి మట్టం లోపలి మట్టం కంటె కిందికి దిగినప్పుడే పోతుంది. పాటు మొదలైన వెంటనే పోదు. బయటి నీరు సగం దిగేదాకా లోపలి నీరు నిలిచే ఉంటుంది. కాబట్టి ఒక పాటుకు నాలుగైదు గంటలు మాత్రమే మనకు దక్కుతాయనుకోండి. రోజుకు రెండు పాటులు. అందులో ఒకటి చాలా రోజులు రాత్రిపూట పడుతుంది. షట్టరు ఎత్తే మనిషి పగటివేళ వచ్చి సాయంత్రానికి ఇంటికి పోతే రాత్రి పాటు వృథా అయినట్టే. నాలుగు రోజుల్లో దిగవలసిన ముంపు ఎనిమిది రోజులు ఉంటుంది. వరి ఎనిమిది రోజులు నీట మునిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. నన్నడిగితే, మనం వంతులవారీగా కాపలా పెట్టుకోవలసింది పగటి పాటుకు కాదు, రాత్రి పాటుకు. అది నా అభిప్రాయం. రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని పోవడం ఎవరికి ఇష్టమని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పర్వం రోజులు మంచివా, అష్టమి రోజులు మంచివా అని కొందరు అడుగుతారు. తలుపులు సరిగా పని చేసే స్లూయిజుకు అమావాస్య, పౌర్ణములే మంచివి. పాటు లోతుకు దిగుతుంది గనుక నీరు బలంగా లాగుతుంది. పోటుకు ముందే తలుపు వేస్తే సరి. తలుపులు లేకుండా మొగ తెరుచుకుని ఉన్న డ్రెయిన్లకు మాత్రం అవే గండం రోజులు. శంకరగుప్తం డ్రెయిను వెంట సముద్రపు నీరు పోటుకు ఎగదన్ని రాజోలు ప్రాంతంలో కొబ్బరిచెట్లు తలలు వాడి మోడుబారడం 2025లో రాష్ట్రమంతా చూసింది. కొబ్బరి ఉప్పు గాలికి పుట్టిన చెట్టే. అటువంటి చెట్టే చచ్చిపోతున్నదంటే వేళ్ళ కింద ఎన్నాళ్ళనుంచి ఉప్పునీరు నిలిచి ఉన్నదో ఆలోచించండి. ఎన్ని పోటులకు, ఎంత ఎత్తున, ఎంత ఉప్పు లోపలికి వచ్చిందో మొదటినుంచీ రాసి ఉంచిన పుస్తకం ఊరికొకటి ఉంటే, చెట్టు చావకముందే మాట్లాడడానికి ఆధారం దొరికి ఉండేది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. సముద్రం ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండదు. పోటు పాటులను పక్కన పెట్టి నెల సగటు తీస్తే, మన తీరంలో ఫాల్గుణ మాసం ప్రాంతంలో అన్నిటికంటె కింద ఉంటుంది. ఆశ్వయుజ కార్తికాలలో, అంటే అక్టోబరు నవంబరులలో, అన్నిటికంటె పైన ఉంటుంది. రెంటికీ తేడా అరమీటరుకు దగ్గరగా ఉంటుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. నదులు వరదనీరు తెచ్చి పోయడంవల్ల సముద్రపు నీరు పలచబడుతుంది. పైగా ఆ నెలల్లో ఒడ్డువెంట ప్రవాహాలు నీటిని మన వైపు నెడతాయి. సార్వా చేలు ఈనికమీద, కోతమీద ఉండే రోజులు అవే. తుపానులు వచ్చే రోజులూ అవే. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1839 నవంబరులో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన, మూడూ ఆ కాలంలోవే. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. గాలి తోసుకువచ్చే నీరు దీనికి అదనం. అందుచేత వేసవిలో డ్రెయిను దగ్గర నిలబడి "ఇక్కడ వాలు బాగుంది, నీరు చక్కగా పోతుంది" అని తృప్తిపడకండి. ఆ అరమీటరు కార్తికంలో తిరిగి వస్తుంది. మన చదునైన డెల్టాలో అరమీటరు అంటే ఎన్నో మైళ్ళ డ్రెయిను వాలును తినేస్తుంది. సముద్రం కనిపించని రాయవరం వంటి ఊళ్ళకు కూడా దిగువన నీరు కదలక ఎగువన నీరు నిలబడిపోయేది ఇందువల్లనే.

దీనికి తోడు సముద్రమే మెల్లగా పెరుగుతున్నది. 2006 నుంచి 2018 వరకు ప్రపంచం మొత్తంమీద ఏటా సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని లెక్క తేలింది. రెండు బియ్యపు గింజలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. ఏడాదికి చూస్తే ఏమీ కాదు, తాత నాటిన చెట్టు మనవడు ఎక్కేనాటికి జానెడు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి మన చేలకు నీరు తెచ్చింది. తెచ్చిన నీరు పోయే దారి సంగతి ఆ తరువాత చాలా కాలానికి గాని గట్టిగా పట్టించుకోలేదు. 1960లలో మిత్రా కమిటీ వచ్చింది, 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, 2022లో మళ్ళీ ఆ మాట వినిపించింది. ధర గిట్టకపోవడం ఒక కారణమైతే ముంపు మరొక కారణం. పండించే రైతు చేను బీడు పెట్టుకున్నాడంటే ఎంత విసిగి ఉండాలి!

కొలబద్ద పెట్టే విధానం చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. స్లూయిజుకు బయట ఒకటి, లోపల ఒకటి, రెండు కొలబద్దలు కావాలి. సరుగుడు కొయ్య గాని, చేవగల తాటిదూలం గాని పనికివస్తుంది. స్లూయిజు గోడకే రంగుతో గీతలు గీస్తే ఇంకా మంచిది, ఒరిగిపోయే భయం ఉండదు. అయిదు సెంటీమీటర్లకొక నల్లగీత, మీటరుకొక ఎర్రగీత. సున్న గుర్తు అన్నిటికంటె లోతైన పాటుకు కూడా నీటిలోనే ఉండేటట్టు కిందికి పెట్టాలి. రెండు బద్దల సున్నాలూ ఒకే మట్టంలో ఉండాలి. ఇది తప్పితే పుస్తకమంతా తప్పు. తాపీమేస్త్రి ఇంటి పునాదికి నీళ్ళ గొట్టంతో మట్టం పడతాడు కదా, అతన్ని పిలవండి. ఆ మట్టాన్ని కదలని చోట, కల్వర్టు గోడమీదనో రాతిమీదనో, ఉలితో గుర్తు కొట్టించండి. వరదకు కొయ్య కొట్టుకుపోయినా ఆ గుర్తునుంచి మళ్ళీ పాతుకోవచ్చు. కెరటం ఎక్కువగా ఉన్నచోట నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం నిలువుగా కట్టి, అడుగు మూసి, చిన్న కన్నం పెట్టి, లోపల ఖాళీ సీసాకు పుల్ల గుచ్చి తేలనివ్వండి. రేవులో కట్టిన బావికి ఇది తమ్ముడు. బద్దకు పట్టిన నాచు, నత్తగుల్లలు నెలకోసారి గీకెయ్యాలి.

మొదట ఒక అమావాస్య నాడు, ఒక అష్టమి నాడు గంటగంటకూ చదివి రాయండి. ఆ తరువాత రోజూ నిండు పోటు, అడుగు పాటు రాస్తే చాలు. తేదీ, తిథి, గంట, బయటి మట్టం, లోపలి మట్టం, షట్టరు ఎత్తి ఉన్నదా దించి ఉన్నదా, వానా గాలీ, నీటిలో ఉప్పు. ఉప్పు కొలిచే ఈ.సీ. మీటరు లేకపోతే నీటిని సీసాలో పట్టి నా దగ్గరికి పంపండి. చేలో నేల ఉప్పు కొలత 3 డెసీసీమెన్సు దాటిందంటే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. చేతిలో ఫోను ఉన్నవారు బద్దను ఫొటో తీస్తే గంట కూడా అందులోనే పడుతుంది. ఈ పనికి పదో తరగతి చదివే పిల్లలు పెద్దలకంటె నయం. వాళ్ళు అంకెలు సర్దరు.

కాకినాడ పోటు వేళలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారు ముందుగా ప్రకటిస్తారు. సర్వే శాఖవారి పట్టికలు కూడా ఉన్నాయి. కాని కాకినాడ వేళ మన స్లూయిజు వేళ కాదు. మొగలోనుంచి ఏటి వెంట, డ్రెయిను వెంట పోటు ఎక్కి రావడానికి వ్యవధి పడుతుంది. ఎంత వ్యవధి అన్నది ఏ పట్టికలోనూ ఉండదు, మీ పుస్తకంలోనే ఉంటుంది. రెండు నెలలు రాస్తే తేలిపోతుంది. ఆ తేడా ఇంచుమించు నిలకడగా ఉంటుంది గనుక ఆపైన పట్టిక చూసి, ఆ వ్యవధి కలిపి, షట్టరు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో నెల ముందే కాగితం మీద రాసి స్లూయిజు గోడకు అంటించవచ్చు. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే ఆ వ్యవధి పెరుగుతుంది, పాటు సరిగా దిగదు. అది కూడా పుస్తకమే చెబుతుంది. "మొగ పూడిందండీ" అని నోటితో చెబితే ఇంజనీరు గారు "చూద్దాం" అంటారు. "నిరుడు ఇదే తిథికి పాటు ఇంత దిగింది, ఇప్పుడు ఇంతే దిగింది" అని రెండు అంకెలు ముందు పెడితే చూడక తప్పదు.

నా పాత ఊళ్ళో ఆ పుస్తకం ఇప్పటికీ నడుస్తున్నది. మొదటి పేజీలో, ఆకుమళ్ళు చచ్చిన ఆ అమావాస్య తేదీ రాసి, పక్కన "రాత్రి షట్టరు దించలేదు" అని నా చేత్తోనే రాశాను. రాయవరం చుట్టుపక్కల రైతులు తమ డ్రెయిను ఎక్కడ ఏ స్లూయిజులో కలుస్తున్నదో ముందు తెలుసుకుని, ఆ దిగువ ఊరి రైతులతో మాట్లాడండి. వచ్చే అమావాస్యకు కొయ్య పాతేటట్టు నిర్ణయించుకుంటే రెండు రోజుల ముందు రైతు సేవా కేంద్రంలో కబురు చేయండి. మేస్త్రిని, నీళ్ళ గొట్టాన్ని వెంటబెట్టుకుని నేను వస్తాను.